ఒకటి నుంచి ఐదు దాకా

ఆసుపత్రిలో గుండె మిషన్లు తనిఖీ చేసే గది. బల్లకి అటువైపు సిస్టర్. ఇటువైపు సెలూను నడిపే పెద్దాయన, ఆయనకి ఒక కుర్చీ ఎడంగా ఆయన చిన్న కూతురు.

"ఒకటి."

"ప్రశ్న పూర్తిగా చదవనివ్వండి బాబాయ్ గారూ."

"చదవండి సిస్టరమ్మా, చదవండి. మీరెంత చదివినా నా జవాబు మాత్రం ఒకటే."

"ఒకటంటే 'అసలు లేదు' అని. ఐదంటే 'ఎప్పుడూ ఉంటుంది' అని. గుర్తుంది కదా?"

"గుర్తుంది. భయం లేకపోతే ఒకటి, పై ప్రాణాలు పైనే పోతుంటే ఐదు. మధ్యలోవి ఎటూ తేల్చుకోలేనివాళ్ళకి."

"సరే, వినండి. 'ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు మిషను షాకు కొడుతుందేమోనని భయపడతాను.'"

"ఒకటి."

"నాన్నా, నువ్వు స్నానానికి వెళ్తే గడియ పెట్టవు."

"గడియ తుప్పు పట్టింది చిన్నీ."

"మొన్ననేగా కొత్తది వేయించాం."

"కొత్తది బిగుతుగా ఉంది. కాస్త వదులయ్యాక వేస్తాలే. సిస్టరమ్మా, ఒకటి రాసుకోండి."

"'మెట్లెక్కినా, బరువెత్తినా షాకు వస్తుందని ఆ పనులు మానుకుంటాను.'"

"ఒకటి. నా షాపుకి మెట్లే లేవు."

"ఇంటికున్నాయి."

"మా చిన్నదాన్ని కాసేపు నోరు మూసుకోమని చెప్పండి సిస్టరమ్మా. పరీక్ష నాకా, తనకా?"

"ఇది పరీక్ష కాదు బాబాయ్ గారూ. పాసూ ఫెయిలూ ఏం లేవు ఇందులో. గుండె లయ తప్పితే లోపలున్న మిషను షాకు కొట్టి దార్లో పెడుతుంది. ప్రాణం కాపాడుతుంది. కానీ ఒకసారి ఆ దెబ్బ తిన్నవాళ్ళు మళ్ళీ ఎప్పుడు కొడుతుందో అని లోపల్లోపల నలిగిపోతుంటారు. ఆ భయం ఎంతుందో తెలిస్తేనే కదా మేం ఏదైనా చేయగలిగేది. బీపీ చూసినట్టే ఇదీ."

"బీపీకి చేతికి పట్టీ కడతారు. భయానికేం కడతారమ్మా?"

"ఈ ప్రశ్నలే. మీరేమో పట్టీ కట్టనివ్వకుండానే బీపీ బాగుందంటున్నారు."

"హహ్హ. బాగా అన్నారు. ఇంకోటి చదవండి."

"'కోపం తెచ్చుకుంటే మిషను కొడుతుందని, కోపమొచ్చినా అణచుకుంటాను.'"

"నాకు కోపమెప్పుడుందమ్మా? ఒకటి."

"ఉండేది సిస్టర్. మీసం ఒకవైపు ఎక్కువ తీశావని ఎవరైనా అంటే, మొహం మీద నురగ ఉండగానే కుర్చీలోంచి లేపి పంపేసేవాడు. ఇప్పుడు ఎవరేమన్నా పళ్ళికిలిస్తున్నాడు."

"వయసొచ్చింది."

"ఏడాదిలోనా?"

"ఒక్కోసారి ఒకేసారి వచ్చేస్తుంది."

"గడ్డాలు ఇంకా చేస్తున్నారా బాబాయ్ గారూ?"

"గడ్డాలు మానేశానమ్మా. గిట్టుబాటు కావడం లేదు. జుట్టు మటుకే."

"గిట్టుబాటు కాదు సిస్టర్. కత్తి పట్టుకుంటే..."

"చిన్నీ."

"మనిషి మెడ మీద కత్తి ఉండగా అది కొడితే అని చెప్పు నాన్నా. చెప్తే ఏం?"

"గిట్టుబాటు కావట్లేదన్నానా? అంతే. సిస్టరమ్మా, మీరు కానివ్వండి."

"జుట్టు కత్తిరించేటప్పుడు చేతులు వణుకుతాయా?"

"నా చేతులా? వణికితే ఇంత షాపు నడుస్తుందా?"

"గ్లవ్స్ వేసుకుంటాడు. రబ్బరువి. మోచేతుల దాకా."

"శుభ్రం. ఈ రోజుల్లో శుభ్రం చూస్తున్నారు జనం."

"అవి గిన్నెలు తోముకునేవి నాన్నా. 'మేస్త్రీ, నా తల కడుగుతున్నావా, మూకుడు తోముతున్నావా' అని మొన్న ఎవరో అడిగితే షాపంతా నవ్వారు."

"నేనూ నవ్వాను కదా."

"నువ్వూ నవ్వావు."

"సరే, ఇంకొక్కటే ఉంది. జాగ్రత్తగా వినండి. 'షాకు కొట్టినప్పుడు పక్కవాళ్ళకి కూడా తగులుతుందని, ఎవర్నీ ముట్టుకోను.'"

"..."

"బాబాయ్ గారూ?"

"ఒకటి."

"ఇందాకట్నించీ నా నోట్లో మాట నోట్లో ఉండగానే చెప్పేస్తున్నారు. దీనికి ఆగారు."

"దగ్గొచ్చింది."

"రాలేదు."

"రాబోయింది. ఆపుకున్నాను."

"మీ ఇద్దరి మధ్యా ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది?"

"సంచి పెట్టుకుందామని."

"సంచి నా ఒళ్ళో ఉంది నాన్నా."

"అమ్మాయ్, ఒక పని చేసి పెడతావా? మీ నాన్నగారి పాత రిపోర్టులు డాక్టరు గారి గదిలో ఉండిపోయాయి. తెచ్చిపెట్టు. ఆ గది నీకు తెలుసుగా."

"తెలుసు సిస్టర్. నా సంగతి కూడా ఇవాళ తేల్చి చెప్పమన్నారు అక్కడ. మిషను పెట్టించుకుంటానో లేదో."

"ఇంకా తేల్చుకోలేదా?"

"నాన్న జవాబులు వింటున్నాగా."

"విన్నావు కదమ్మా! అన్నీ ఒకట్లే. ఒక్క రెండైనా ఉందా? వెళ్ళు, వెళ్ళి సరేనని చెప్పెయ్. లోపల అదొకటి ఉందనే గుర్తుండదు. నేను చెప్తున్నాగా. వెళ్ళు తల్లీ."

"వస్తా."

"తలుపు వేసి వెళ్ళమ్మా."

తలుపు పడింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్ గారూ."

"చెప్పాను కదా. ఒకటి."

"మిషనుకి జ్ఞాపకం ఉంటుంది. అది కొట్టిన ప్రతి దెబ్బా దాచుకుంటుంది. ఇందాక మీ ఛాతీ మీద పరికరం పెట్టి చూశానే, అందులో అన్నీ కనిపిస్తాయి. పోయినేడాది ఒకటి కొట్టింది. అది మాకు తెలుసు. మళ్ళీ మొన్న ఆదివారం ఇంకోటి."

"మెల్లిగా అమ్మా."

"తలుపేసి ఉంది. మాకెందుకు ఫోన్ చేయలేదు? కొడితే వెంటనే చెప్పమన్నామా లేదా?"

"ఫోను చేస్తే తనకి తెలుస్తుంది."

"అప్పుడు తను ఇంట్లో లేదా?"

"ఎదురుగానే ఉంది. భోంచేస్తున్నాం."

"ఎదురుగా ఉంటే తెలియకుండా ఎలా ఉంటుంది?"

"గ్లాసు జారిందన్నాను."

"ఎంతెంత మొనగాళ్ళో గావుకేక పెడతారు దానికి. మీరు అరవలేదా?"

"నాలుక కరుచుకున్నాను. రక్తం వస్తే మింగేశాను. తను గుడ్డ తెచ్చి నీళ్ళు తుడుస్తుంటే, ఏదో సినిమా కథ చెప్పుకుంటూ పోయాను."

"వెంటనే ఇంకోటి కొట్టి ఉంటే?"

"ఇంకో గ్లాసు పడేసేవాణ్ణి."

"నవ్వు రావట్లేదు బాబాయ్ గారూ."

"నాకూ రావట్లేదులెండి."

"ఎందుకు ఇదంతా?"

"మీకు మా పెద్దమ్మాయి తెలియదు కదూ."

"తెలియదు. ఈ గదికి నేను కొత్త. కాగితాల్లో చూశాను."

"కాగితాల్లో ఏముంది?"

"అదే జబ్బు అని. మిషను పెట్టించుకోలేదని. పోయిందని."

"అంతేనా ఉంది... మొదటిసారి ఇది కొట్టినప్పుడు దాని జుట్టే కత్తిరిస్తున్నాను. షాపులో, గిరాకీ తగ్గాక. ఇద్దరు పిల్లల జుట్టూ నా చేతుల్లోనే పెరిగిందమ్మా. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే, బడికి జడలు నేనే వేసి పంపేవాణ్ణి. 'సెలూను జడలు' అని ఏడిపించేవారట తోటి పిల్లలు. వీళ్ళేమో గొప్పగా చెప్పుకునేవారట."

"మరి ఆరోజు?"

"ఎడమ చేత్తో దాని తల పట్టుకుని ఉన్నాను. లోపల్నించి ఎవరో సుత్తితో ఒక్కటిచ్చినట్టు... కత్తెర ఎటు ఎగిరిపోయిందో తెలీదు. అరిచాను. అదేం మామూలు అరుపు కాదు. పశువుని పొడిస్తే అరిచినట్టు. 'తీసెయ్యండి, దీన్ని నాలోంచి తీసెయ్యండి' అని రోడ్డు దాకా వినబడేలా. అది నన్ను వాటేసుకుని 'నాన్నా, నా తలలో కూడా జిల్లుమంది' అంది."

"అది మామూలే. ఆ క్షణంలో ముట్టుకుని ఉంటే కొంచెం జిల్లుమంటుంది. ఏమీ కాదు."

"ఆ తర్వాతే కదా, ఇది వంశంలో వచ్చే జబ్బని ఇద్దరికీ పరీక్షలు చేశారు. చిన్నదానికి అప్పటికి ఏం లేదన్నారు. పెద్దదానికి ఉందన్నారు. మిషను పెట్టించుకోవాల్సిందే అన్నారు. అది సంతకం పెట్టడానికని వచ్చి, పెట్టకుండా తిరిగొచ్చేసింది."

"ఎందుకని?"

"ఎందుకేమిటమ్మా. నా అరుపు చెవులారా విన్న పిల్ల. తనకీ అదే గతి అనుకోదూ?"

"అలా అని తను చెప్పిందా?"

"చెప్పాలా? ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

"తర్వాత?"

"నిద్రలో పోయింది. పక్కలో పసిది గుక్కపట్టి ఏడుస్తున్నా లేవలేదట. అప్పుడు లైటు వేసి చూశాడు మా అల్లుడు."

"నీళ్ళు తాగండి."

"వద్దమ్మా. బాగానే ఉన్నాను. ఇప్పుడు చిన్నదానికి కూడా వచ్చిందంటున్నారు. మీరే చెప్పండి, ఇక నేనేం చెయ్యాలి? దాని ముందు నిలబడి ఐదు, ఐదు అనమంటారా? ఒకసారి అరిచాను. దాని ఖరీదు చూశాను. ఈసారి నా నోట్లోంచి అరుపు రాకూడదు. ఒకట్లే రావాలి."

"అర్థమైంది. కానీ నేను ఒకట్లు రాస్తే, ఈయనకేం బెంగ లేదని పక్కన పెట్టేస్తారు మిమ్మల్ని. మీకు అందాల్సిన సాయం అందదు."

"నాకెందుకమ్మా సాయం."

"ఇప్పుడు తను లేదు. నిజం చెప్పండి. ఒంటరిగా ఉన్నప్పుడు?"

"ఐదు."

"మెట్లు, బరువులు?"

"ఐదు."

"కోపం?"

"ఐదు. దేవుడి మీద కోపమొచ్చినా భయమే."

"ముట్టుకోవడం?"

"దానికి ఆరు లేదా సిస్టరమ్మా?"

"చూడండి, నా మాట వినండి. ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. నేనే ఒకసారి ఒకాయన చెయ్యి పట్టుకుని ఉండగా ఆయనకి కొట్టింది. చీమ కుట్టినట్టయింది, అంతే. ఇది పెట్టినప్పుడే మీకు చెప్పి ఉంటారే?"

"చెప్పారు. మామూలు గుండె ఉన్నవాళ్ళకి ఏం కాదేమోనమ్మా. మా పిల్లలవి మామూలు గుండెలు కావు కదా. ఆ జిల్లుతోనే పెద్దదానికి మొదలైందేమో. ఎవరు చూశారు?"

"కాదు. పుట్టుకతోనే ఉంది అది. మీ చేతిలోంచి వెళ్ళింది కాదు."

"మీరు చదువుకున్నారు, మీరనాలి. నేను మాత్రం ఆరోజు నుంచి ఇద్దర్నీ ముట్టుకోలేదు. పెద్దది ఉండగానే మానేశాను. జుట్టు కత్తిరించు నాన్నా అని వస్తే, పార్లరుకి వెళ్ళమ్మా, నాకివాళ గిరాకీ ఉందని పంపేవాణ్ణి. ఖాళీ షాపులో కూర్చుని."

"మనవరాలిని?"

"చేతులు చాస్తుంది."

"ఎత్తుకోరా?"

"బొమ్మ ఇస్తాను."

"బాబాయ్ గారూ..."

"వస్తున్నట్టుంది. ఒకట్లే రాయండి. దణ్ణం పెడతాను."

తలుపు తెరుచుకుంది.

"రిపోర్టులు దొరికాయా అమ్మాయ్?"

"వాటి కోసం వెళ్ళలేదు సిస్టర్. అవి అక్కడ లేవని మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంతకం పెట్టేసి వచ్చాను."

"ఏమిటి? ఏం పెట్టావు?"

"సంతకం నాన్నా. మిషను పెట్టించుకుంటానని. వచ్చే వారం చేరాలి."

"నిజంగా? చిన్నీ, నిజంగానా? చూశారా సిస్టరమ్మా! అన్నాను కదా, అన్నాను కదా! నా ఒకట్లు ఊరికే పోలేదు."

"నీ ఒకట్లు చూసి కాదు."

"మరి?"

"గ్లాసు చూసి."

"ఏ గ్లాసు?"

"ఆదివారంది. నీళ్ళు తుడుస్తూ తలెత్తి చూశాను. నీ పళ్ళ మీద రక్తం ఉంది."

"పచ్చి అబద్ధం. నాలుక కరుచుకున్నాను, తింటూ తింటూ. దానికేముంది?"

"ఏదో సినిమా కథ చెప్పావు. హీరో చచ్చిపోయి ఇంటర్వెల్ తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. అలాంటి సినిమా లేదు నాన్నా."

"ఉంది. పాతది."

"లేదు."

"...తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే పాడుచెయ్యడం ఎందుకని."

"తెలిసీ సంతకం పెట్టావా?"

"తెలిసే పెట్టాను. అంత దెబ్బ తిని కూడా మనిషి కుర్చీలోంచి పడిపోకుండా కూర్చుని, మనసారా అబద్ధాలాడగలడని చూశాకే పెట్టాను. చచ్చేంత దెబ్బైతే అంత పిచ్చి కథ తోచదు."

"పిచ్చిపిల్ల. చూడండి సిస్టరమ్మా, ఎలా మాట్లాడుతుందో. పోనీలే. పెట్టించుకుంటున్నావు. నాకంతే చాలు. ఇంకేం అక్కర్లేదు నాకు."

"నాకు కావాలి."

"ఏం కావాలన్నా అడుగు తల్లీ."

"సిస్టర్, ఆపరేషన్ అయ్యాక ఎడమ చెయ్యి పైకి ఎత్తకూడదట కదా."

"అవును. కొన్ని వారాల పాటు భుజం కన్నా పైకి ఎత్తకూడదు. తీగలు కుదురుకోవాలి లోపల."

"మరి నాకు జడ ఎవరు వేస్తారు?"

"అదా! అదెంత పని. మీ మేనత్త ఉంది కదా ఇంట్లో."

"అత్తకి అక్క బుజ్జిదాన్ని చూసుకోవడంతోనే తెల్లారిపోతోంది."

"పార్లరమ్మాయిని ఇంటికి రమ్మంటాను. రోజూ రమ్మంటాను."

"సెలూను మేస్త్రీ కూతురికి పరాయివాళ్ళు వచ్చి జడ వేసి వెళ్తారా?"

"వేస్తే? కాలం మారలేదూ?"

"ఆ పార్లర్లో కత్తిరించుకొస్తే ఏమన్నావు? ఎలక కొరికినట్టుంది అన్నావు."

"ఉంది మరి. ఎడమవైపు వేలెడు పొట్టిగా ఉంది. చెవి మీద మెట్లు మెట్లుగా... దాని చేతులు విరగ."

"అంత దూరం నుంచి అంత బాగా కనబడిందే. సరిచెయ్యి మరి."

"చిన్నీ."

"ఇప్పుడు కాదు, ఇంటికెళ్ళాక. ఆ రబ్బరు గ్లవ్స్ లేకుండా. నువ్వే కత్తిరించు, నువ్వే జడ వెయ్యి."

"వద్దమ్మా."

"ఏం కాదు నాన్నా. సిస్టర్ని అడుగు."

"నేను చెప్పానమ్మా. చాలాసేపు చెప్పాను."

"సిస్టరమ్మ మంచిది, ధైర్యం చెప్తుంది. కానీ వచ్చే వారం నుంచి నాలో ఒకటి, నీలో ఒకటి. ఒకటి కొడితే రెండోది రెచ్చిపోతే?"

"అలా జరగదు బాబాయ్ గారూ. ఏ మిషను లెక్క దానిదే."

"జరగదంటే జరగదు. సరే. నేనెందుకు చూడాలి అది జరుగుతుందో లేదో? ఒకదాన్ని పోగొట్టుకున్నాను. ఇక చాలు. చిన్నీ, నేనెక్కడికీ పోను తల్లీ. నీ ఎదురుగానే కూర్చుంటాను. నువ్వు మందులేసుకున్నావో లేదో చూస్తాను, రాత్రంతా మేలుకోమన్నా మేలుకుంటాను. ముట్టుకోమని మాత్రం అడక్కు. కాస్త దూరంగా ఉంటాను. దూరంగా ఉంటే ఏం పోయింది చెప్పు?"

"ఏం పోయిందా?"

"ఏం పోయింది?"

"వద్దులే నాన్నా. ఇంటికెళ్దాం పద."

"కాదు, చెప్పు. నీ మొహం అలా ఉందేం? ఏం పోయింది?"

"సిస్టర్, మీరైనా చెప్పండి, వద్దని."

"నాకు తెలియదమ్మా నువ్వేం చెప్పబోతున్నావో."

"చెప్పు చిన్నీ."

"అక్క సంతకం పెట్టకుండా వచ్చేసిన రోజు, నువ్వడగలేదు. నేనడిగాను. నాన్న అరుపు విని భయపడ్డావా అని."

"అడిగావా? భయపడ్డాననే అంది కదూ. నాకు తెలుసు. అనే ఉంటుంది."

"కాదంది. దెబ్బదేముందే, పిల్లని కన్నదాన్ని, దానికంటేనా అంది."

"మరి? మరెందుకు తల్లీ?"

"'నాన్నకి అది పెట్టాక మనల్ని ముట్టుకోవడమే మానేశాడు చూడు. నాకూ పెడితే, నా బుజ్జిదాన్ని నేనెలా ఎత్తుకోనే' అంది."